కల్లంకాడి నుంచి గేటుకాడికి

నా రొమ్ము మీద ఇరవై ఏడేండ్లుగా ఒక ప్లేటు ఉంది. దాని మీద నా పేరు సగమే ఉంటది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా మా నల్లగొండ పల్లెలదాకా వచ్చినప్పుడు, ఇంటర్ తప్పి ఊళ్ళె తిరుగుతున్న మాలాంటి పోరలందరం పేరు చివర మాదిగ అని రాసుకున్నం. గోడల మీద రాసుకున్నం, పుస్తకాల మీద రాసుకున్నం, పెండ్లి కార్డుల మీద అచ్చేయించుకున్నం. అంతకుముందు దాకా ఆ మాట మా మీదికి రాయిలాగ వచ్చి తగిలేది. ఆ రాయిని మేమే చేతిలోకి తీసుకున్నం. 1998లో హైద్రాబాదు వచ్చి సెక్యూరిటీ ఏజెన్సీలో చేరినప్పుడు ఫారం మీద నా పేరు పూర్తిగా రాసిన. బల్ల వెనక కూచున్నాయన చూసి, "ఇదేందయ్యా, కులం గిలం ఇక్కడ వద్దు. మనది డిసిప్లిన్ ఉన్న లైను" అని చివరి మాటను పెన్నుతో కొట్టేసిండు. ఆయన రొమ్ము మీదున్న ప్లేటులో మాత్రం రెడ్డి నిక్షేపంగా ఉంది. అది కులం కాదంట, పేరంట.

ఆ ఒక్క పెన్నుగీత ఎంత దూరం వచ్చిందో తర్వాత చెప్త.

కావలి మా ఇంటికి కొత్తకాదు. మా నాయిన పటేలు కల్లంకాడ కావలి పండేటోడు. కోతలై, బంతి తిప్పి, తూర్పారబట్టి వడ్లు రాశి పోసినంక, పటేలు రాశి మీద బూడిదతోటి గీతలు గీసి ఇంటికి పొయ్యేది. చెయ్యి పడితే గీత చెదురుతది, తెల్లారి తెలిసిపోతది. నాయిన గొంగడి కప్పుకొని, చేతికర్ర పక్కన పెట్టుకొని ఆ గీతల్ని కావలి కాసేది. ఎలుక పారినా, పిట్ట వాలినా, గాలి కొట్టినా తెల్లారి మొదట అడిగేది నాయిన్నే. అడుగుడంటే నోటితోటి అడుగుడు కాదు. రాశి ఎత్తి బండ్లమీద పోయినంక కల్లంల మిగిలిన అడుగు గింజలు మావి. మట్టి, రాళ్ళు, పేడ పెల్లలు కలిసిన గింజలు. మా అవ్వ వాటిని రెండు రోజులు చెరిగి, కడిగి, ఎండబోసేది. నాయిన నెలనెలా కాసిన రాశులల్ల మా కుండలోకి వచ్చినయి ఆ అడుగులే. ఆయనకు జీతం లేదు, చీటీ లేదు, సెలవు లేదు. కావలికాసుడు పనికాదు, బాధ్యత అన్నట్టుండేది. వెట్టికి ఇంకో పేరు బాధ్యతని మాకు పెద్దగయినంకగానీ అర్థంకాలే.

నేను సదువుకున్న. కర్ర, గొంగడి నాయినతోటే పోవాలనుకున్న. పట్నం వచ్చేసరికి కర్రకు లాఠీ అని పేరుపెట్టి, గొంగడి బదులు ఖాకీకి దగ్గరగా ఉండే చొక్కా ఇచ్చి మళ్ళీ కావలికే పెట్టిన్రు.

ఆ ఏజెన్సీ అంటే ఒక గది, ఒక ఫోను, గోడకు వివేకానందుడి బొమ్మ. యూనిఫాం డిపాజిట్ అని మొదటి మూడు నెలలు జీతంలో కోత. బూట్లు ఇంకెవరో విడిచిపెట్టినవి. నావి ఏడో నంబరు పాదాలు, బూట్లు తొమ్మిది. ముందు గుడ్డపేలికలు కుక్కుకొని నడిచిన. శిక్షణ ఒక పొద్దటిపూట అయిపోయింది. సెల్యూట్ ఎట్ల కొట్టాలె, గేటు ఎట్ల తియ్యాలె, కారును ఎట్ల వెనక్కి పట్టించాలె. 1,200 జీతం, పన్నెండు గంటల డ్యూటీ, ఆదివారం లేదు. తార్నాక దిక్కు ఒక అపార్టుమెంటు గేటుకాడ నిలబెట్టిన్రు.

మా పనికి చట్టం లేక ఇట్లుందని అప్పట్లో అనుకునేటోళ్ళం. 2005లో చట్టం వచ్చింది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపరాదు. కార్మిక చట్టాలను పాటించని ఏజెన్సీ లైసెన్సు రద్దు చెయ్యొచ్చు. 2006లో కేంద్రం రాసిన నమూనా నియమాల్లో గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట, కనీసం ఇరవై పనిదినాలు శిక్షణ అని రాసిన్రు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు చాలు. ఉద్యోగమిచ్చేటప్పుడు కూడా వాళ్ళకే ముందు చోటు. నేను ఆ పాఠాల పట్టికను ఒక లాయరు మిత్రుడి దగ్గర చదివిన. యూనిఫాం సరిగ్గ తొడుక్కునుడు ఉంది. నిప్పు ఆర్పుడు ఉంది. గుంపును అదుపు చేసుడు ఉంది. పోలీసులలో, సైన్యంలో ఎవరి భుజం మీద ఏ గుర్తుంటదో, ఎవరు ఎవరికంటే పెద్దో తెలుసుకునుడు ఉంది. కనీస వేతనమెంత, ఓవర్‌టైం ఎట్ల లెక్కగట్టాలె, పీఎఫ్ ఎవరినడగాలె అన్నది మాత్రం ఆ పట్టికలో నాకు కనబడలే. ఎవరికి సెల్యూట్ కొట్టాలో నేర్పే చట్టం, ఎవర్ని నిలదియ్యాలో నేర్పలే.

ఆ నియమాల్లోనే కొలతలున్నయి. మగమనిషి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80, గాలి పీలిస్తే ఇంకో 4 పెరగాలె. ఒక ఏజెన్సీలో టేపు పెట్టి కొలిచేటప్పుడు నా ముందు వరుసలో పాలమూరు నుంచి వచ్చిన తమ్ముడొకడు నిలబడ్డడు. ఊపిరి బిగబట్టి, ముఖమంతా ఎర్రగ చేసుకొని, ఛాతీ పెంచుతున్నడు. టేపు కదల్లేదు. "ఏం తింటవ్‌రా?" అని నవ్విన్రు అక్కడోళ్ళు. ఆ తమ్ముడేం తినలేదో, వాళ్ళ అవ్వ కడుపుతోటున్నప్పుడు ఏం తినలేదో టేపుకు తెల్వదు. ఎన్ని తరాల ఆకలి కలిస్తే ఒక మనిషి ఛాతీ 78 దగ్గర ఆగిపోతదో లెక్కగట్టే పరికరం ఇంకా రాలేదు. చివరికి ఏంజేసిన్రంటే, అతన్ని పెట్టుకున్నరు. 80 అని రాసుకున్నరు. జీతంలో నెలకు 500 తక్కువ ఇచ్చిన్రు, "కొలత తక్కువ" అని. శిక్షణ సర్టిఫికెట్టు కూడా అంతే. నాకు 160 గంటలు నేర్చుకున్నట్టు కాయితమిచ్చిన్రు. నేను సంతకం చేసేసరికి నిమిషం పట్టింది.

ఇంకో విచిత్రం. గార్డు గనక సైన్యం, పోలీసుల యూనిఫాంలాంటిది తొడుక్కుంటే ఏడాదిదాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలో ఉంది. యజమానికి కూడా అదే శిక్ష రాసిన్రు. అయితే ఆ బట్టను ఎంచుకునేదెవరు? భుజానికి తాడు, టోపీకి ఇత్తడి బిళ్ళ ఉంటేనే అపార్టుమెంటోళ్ళు మెచ్చుతరని ఏజెన్సీ కుట్టిస్తది. పోలీసు దారిలో ఆపి అడిగేది తొడుక్కున్నోన్ని.

ఇగ పన్నెండు గంటల సంగతి. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మికశాఖ చూసిండు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి దించిన సవరణ 1946లో ఆయన హయాంలనే వచ్చింది. జయంతినాడు ఆయన బొమ్మకు దండేసి మాట్లాడే ప్రతివాళ్ళూ రాజ్యాంగం గురించి మాట్లాడుతరు, ఈ 48 గంటల గురించి మాట్లాడేటోళ్ళు తక్కువ. 48 గంటల వారమంటే నెలకు సుమారు 208 గంటలు. నేను నెలకు ముప్పై రోజులు, రోజుకు పన్నెండు గంటల లెక్కన 360 గంటలు నిలబడుత. మీదికెళ్ళి 152 గంటలు. వాటికి రెట్టింపు కూలి రావాలె. ఇరవై ఏడేండ్లల్ల ఒక్క నెల కూడా రాలే. రిలీవర్ రాకపోతే లెక్క ఇంకా మారుతది. పొద్దున ఏడింటికి రావాల్సినోడు రాడు. గేటు ఖాళీగ వదిలిపోతే నా ఉద్యోగం పోతది. అట్ల ఒకసారి 36 గంటలు వరుసగ నిలబడ్డ. ఆ రెండో రాత్రి నాకు మా నాయిన కల్లంకాడ కూచున్నట్టు కనబడ్డడు. ఆయనకు కనీసం కూచునే హక్కుండె.

ఇక్కడ ఒక మాట నిజాయితీగ చెప్పాలె. ఎనిమిది గంటల పని అడుగుదామంటే మాలోనే ఒప్పుకోనోళ్ళున్నరు. మా గదిలో ఈ మాట మీద పొట్లాటలు కూడా అయినయి. "అన్నా, ఎనిమిది గంటలంటే జీతం రెండొంతులకు దించుతరు. ఇంటికేం పంపాలె?" అంటడు ఒడిశా తమ్ముడు. వాడి మాటలో అబద్ధం లేదు. పన్నెండు గంటల జీతంతోటే కిరాయి కట్టుడు కష్టం. యజమానులు కూడా ఇదే మాట ఎత్తుకొని, "మీ మనుషులే పన్నెండు గంటలు అడుగుతున్నరు" అంటరు. ఆకలోడు తొందరపడి అడిగేదాన్ని వాడి కోరిక అని రాసుకునుడు పాత అలవాటు. పటేలు కూడా అనేటోడు, మా నాయిన కల్లంకాడ పండుడు ఇష్టపడే పండుతున్నడని. నా మాటేందంటే, పన్నెండు గంటలకిచ్చేదాన్ని ఎనిమిది గంటలకియ్యాలె, అప్పుడు ఎవరు పన్నెండు అడుగుతరో చూద్దాం. ఒడిశా తమ్ముడు నవ్వుతడు. "నువ్వు ముసలోనివయినవ్ అన్నా" అంటడు.

కులం కొట్టేసిన ఆ పెన్నుగీత సంగతి. నేను ఆధార్ తీసుకున్నప్పుడు పేరు పూర్తిగ రాయించిన, మాదిగతో సహా. ఏజెన్సీ కాయితాల్లో సగం పేరు. ఒక ఏజెన్సీ పోయి ఇంకోటి వచ్చినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు తీసిన్రు. అట్ల నా పేరుతో మూడు నంబర్లున్నయి. కూతురు పెండ్లికి డబ్బు తీసుకుందామని దరఖాస్తు పెడితే పేరు కలవలేదని తిప్పి పంపిన్రు. దిద్దించుకోవాలంటే పాత యజమాని సంతకం కావాలె. ఆ పాత ఏజెన్సీ గది ఇప్పుడు మొబైల్ ఫోన్ల దుకాణం. జీతంలోంచి 12 శాతం నెలనెలా కోసినట్టు చీటీలున్నయి, డబ్బుకూ నాకూ మధ్య ఒక మాట అడ్డమొచ్చింది. ఆధార్‌ల పేరు తీసేయించుకొమ్మని ఒకాయన సలహా చెప్పిండు. తియ్యలే. కూతురు పెండ్లి అప్పుతోటే చేసిన.

ఇంతకంటే పెద్ద దోపిడీ ఒకటుంది. దాని గురించి దళిత సభల్లో కూడా తక్కువ వింటున్న. మా చిన్నాయన ఒక సర్కారు ఆఫీసులో వాచ్‌మన్‌గ చేసిండు. రోస్టర్‌లో ఎస్సీ పాయింటు మీద వచ్చిన కొలువు. ఆ జీతంతో ఇద్దరు బిడ్డల్ని టీచర్లను చేసిండు. ఇయ్యాల కూడా పెన్షన్ తింటున్నడు. ఆయన రిటైరైన మరుసటి నెల ఆ కుర్చీలోకి ఏజెన్సీ మనిషి వచ్చిండు. అదే గేటు, అదే కుర్చీ, అదే రిజిస్టరు. రోస్టర్ మాత్రం లేదు, పెన్షన్ లేదు, ఏడాదికోసారి టెండరు.

ఇది ఊరికే జరగలే. 1976 డిసెంబర్ 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చుడు, తుడుచుడు, దుమ్ము దులుపుడు, కావలికాసుడు, ఈ పనులకు 1977 మార్చి 1 నుంచి కాంట్రాక్టు కూలీలను పెట్టరాదని. చూడండి, ఊడ్చేటోన్నీ కావలికాసేటోన్నీ ఒక్క వరుసలో రాసిన్రు. రాసినోళ్ళకు తెలిసో తెలియకో మా వాడ మొత్తం ఆ ఒక్క వాక్యంలోకి వచ్చింది. 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు, నిషేధమున్నచోట కాంట్రాక్టు కూలీలను అసలు యజమానే తన కార్మికులుగ తీసుకోవాలె అన్నది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీలు ఆ తీర్పును పక్కనబెట్టి, ఆ 1976 నోటిఫికేషన్‌నే కొట్టేసిన్రు. 2006లో ఉమాదేవి కేసు. పద్ధతి ప్రకారం నియామకం కానోళ్ళకు పర్మనెంటు అడిగే హక్కు లేదన్నరు. పద్ధతి ప్రకారం మమ్మల్నెవరు పిలిచిన్రు? ఆ పద్ధతిని మూసేసిన తర్వాతనే గదా మేం ఏజెన్సీ గడప తొక్కింది.

వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు డప్పు కొట్టినం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు సరే అన్నది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమలుకొచ్చింది. మాదిగలున్న గ్రూపుకు 9 శాతం. ఆ రోజు నేను డ్యూటీల ఉండి గేటుకాడే మిఠాయి పంచిన. పంచిన చేతితోటే లెక్క కూడా వేసుకున్న. 9 శాతమంటే దేంట్ల? డాక్టరు, ఇంజనీరు, గ్రూప్ వన్ అంటే సరే. పదో తరగతి, ఇంటర్ దగ్గర ఆగిన మా పోరలకు మొదటి మెట్టు అటెండరు, వాచ్‌మన్, స్వీపరు కొలువులు. ఆ మెట్టును తీసి టెండరు పెట్టెలో వేసిన్రు. టెండర్ల తీరు కూడా చెప్పాలె. తక్కువ రేటు కోట్ చేసినోడికి కాంట్రాక్టు. సర్వీసు ఛార్జి సున్నాకు దగ్గరగ కోట్ చేసి గెలిచేటోళ్ళున్నరు. సున్నాకు పనిచేసే ధర్మాత్ములు ఏజెన్సీలు పెట్టరు. ఆ లాభం మా పీఎఫ్‌లోంచి, మా ఓవర్‌టైంలోంచి, రాని గార్డును వచ్చినట్టు రాసిన హాజరులోంచి వస్తది. దీనిమీద 18 శాతం జీఎస్టీ. 20,000 బిల్లయితే 3,600 పన్ను. నా మీద పడే పన్నును చూసి అపార్టుమెంటోళ్ళు, "మీకు 23,600 ఇస్తున్నం, ఇంకేం గావాలె?" అంటరు. నా చేతికొచ్చేది 14,000. 2016లో ఈ వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడిని 49 నుంచి 74 శాతానికి పెంచిన్రు. గేటుకాడి కూలికి దేశాంతరాల నుంచి భాగస్థులొచ్చిన్రు.

అపార్టుమెంటు లోపల బతుకు గురించి ఎంత రాసినా తక్కువే. నాలుగు అంతస్తులకూ నేనే కావలి, లిఫ్టు నాకు లేదు. "బరువుంటే ఎక్కొచ్చు" అన్నరు, అంటే వాళ్ళ బియ్యం బస్తాతోటి. కారు తుడువుమంటరు, కూరగాయలు తెమ్మంటరు, కుక్కను తిప్పుమంటరు. ఇవి గార్డు పని కాదని చెప్తే మర్నాడు ఏజెన్సీకి ఫోన్ పోతది. సెల్లార్‌లో దొడ్డి ఉంటే అది డ్రైవర్లది, పనిమనుషులది, నాది. లేకపోతే మూత్రానికి కూడా ఎదురుంగ కట్టని ప్లాటుకు పోవాలె. చాయ్ పంపినప్పుడు స్టీలు గ్లాసు వేరే. ఒక పెద్దమ్మ ఆ గ్లాసును గేటు గోడ మీదనే బోర్లించి పెట్టుమన్నది. ఊళ్ళె చాయ్ హోటల్ల చూరుకు చెక్కిన గ్లాసును నేను చూసిన. ఇది ఐదు అంతస్తుల చూరు, అంతే తేడా.

"మీరేమిట్లు?" అని నన్ను నేరుగ అడగరు. "మీ ఊరేది? ఊళ్ళె మీ ఇల్లెక్కడ? గుడి దగ్గర్నా?" అని చుట్టూ తిరిగి వస్తరు. నేను చివరిదాకా తిరగనియ్యను. "మాదిగోళ్ళం సార్" అని మొదట్నే చెప్త. ఆయన ముఖం చూడాలె అప్పుడు, అడగరానిది నేనే అడిగినట్టు.

దొంగతనమయితే మొదటి దొంగ గార్డు. మూడో అంతస్తులో గొలుసు పోయింది. నన్నూ, పనిమనిషినీ రాత్రి స్టేషన్‌కు తోలిన్రు. రాత్రంతా గోడకు వీపు ఆనించనియ్యలే. దెబ్బలు కూడా పడ్డయి. రెండో నాటికి గొలుసు వాళ్ళింట్లనే మంచం సందుల దొరికింది. క్షమాపణ లేదు. "సరే, పోయి డ్యూటీ ఎక్కు" అన్నరు. మొన్న పెట్టిన కెమెరాల్లో ఒకటి గేటు బయటి దిక్కు లేదు, నా కుర్చీ మీదికి తిప్పి ఉంది. ఇప్పుడు ఫోన్‌లో యాప్ ఒకటి. వచ్చిపొయ్యేటోళ్ళందరి పేర్లు ఎక్కించాలె. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇంట్ల కూచున్నోళ్ళు నాకు చుక్కలేస్తరు. కెమెరాలొస్తే గార్డులు తగ్గుతరని ఏజెన్సీలోళ్ళు భయపెడుతరు, ముగ్గురు చేసే పని ఇద్దరితోటి చేయిస్తరు. మెషిన్‌కు పని పోతదనేది నా భయం కాదు. మెషిన్ మా మీద కావలి అయింది, మేం మెషిన్‌కు కూలి అయినం. అదీ బాధ.

2020 మార్చి 22న అందరూ బాల్కనీల్లో చప్పట్లు కొట్టిన్రు. రెండు రోజులకు లాక్‌డౌన్. నలభై రోజులు సెల్లార్‌లనే పండుకున్నం, ఇంటికి పోతే మళ్ళీ రానియ్యమన్నరు. అన్నం డబ్బా దూరం నుంచి నేల మీద పెట్టి జరిగేది. అంటకుండ పెట్టుడు వాళ్ళకు ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలే.

మా చెల్లె ఒక పెద్ద బట్టల దుకాణంలో ఆడోళ్ళ సంచులు తడిమి చూసే పనిలుంది. పదకొండు గంటలు నిలబడే. కాళ్ళకు నరాలు ఉబ్బినయి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేటోళ్ళకు కూచునే హక్కు చట్టంలో రాసిన్రని చెప్తే, "కూచునుడు కూడా చట్టంల ఉంటదా అన్నా?" అని ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు, ఉద్యమాల్లో ఉన్నోళ్ళకు ఒక ముచ్చట. నేను కొన్నేండ్లు నగరంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ గేటుకాడ చేసిన. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ఎస్సీ పిల్లలకు సర్టిఫికెట్లు ఇయ్యలేదు. విద్యార్థి సంఘాలు వచ్చినయి. నీలి జెండాలు, ఎర్ర జెండాలు రెండూ ఉన్నయి. యాజమాన్యపోళ్ళు లోపల ఏసీల కూచున్నరు. గేటుకాడ మేం నలుగురం. ముగ్గురం ఎస్సీలం, ఒకడు లంబాడ. "యాజమాన్యం కుక్కల్లారా" అని నినాదం. అంబేడ్కర్ బ్యాడ్జి పెట్టుకున్న పిల్లగాడు నా కాలర్ పట్టి గుంజిండు. టోపీ కింద పడ్డది, చొక్కా చినిగింది. నేను చెయ్యెత్తలే, గేటూ వదల్లే. వాడి కోపం న్యాయమైనదే, వాడి సర్టిఫికెట్ వాడి బతుకు. నా చొక్కాకు మాత్రం 350 జీతంలోంచి పోయినయి.

అసలు కథ సాయంత్రం. కాలేజీ మేనేజర్ కాయితం పట్టుకొచ్చిండు. పిల్లల మీద పోలీసు కంప్లైంటు, కొట్టిన్రు, దోచుకున్నరు అని. కింద నా పేరు. "నువ్వు సంతకం పెట్టు. నువ్వు పెడితే కేసు గట్టిగ ఉంటది, నువ్వు కూడా ఎస్సీవే గదా" అన్నడు. నా కులం కాగితం మీద అవసరమైంది ఆ ఒక్కరోజే. ప్లేటు మీద పనికిరాని మాట, పిల్లల్ని జైలుకు పంపనీకి పనికొచ్చింది. నేను పెట్టలే. "చొక్కా చినిగింది, దోపిడీ కాలే సార్" అన్న. ఏజెన్సీలోళ్ళు వచ్చి బతిమాలిన్రు, తిట్టిన్రు. పెట్టలే. మూడోనాడు నన్ను మేడ్చల్ దాటినంక ఒక గోదాముకు మార్చిన్రు. రాత్రి డ్యూటీ, కుక్కలు తప్ప తోడులేదు, బస్సు లేదు. ఆ పిల్లలకు ఈ సంగతి తెల్వదు. తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే వాళ్ళెవరూ నా పేరు అడగలే. మీరు మళ్ళా ఏ గేటు మీదికన్నా పోయినప్పుడు, పోవాలె కూడా, అక్కడ నిలబడ్డోన్ని పేరు అడిగి పోండి. కరపత్రం ఒకటి వాని చేతిల కూడా పెట్టండి. మీ డిమాండ్ల కింద వాని ఎనిమిది గంటలు కూడా రాయండి.

దారి లేదని కాదు. మహారాష్ట్రలో 1981లోనే చట్టం చేసి గార్డుల బోర్డులు పెట్టిన్రు. గార్డు బోర్డులో నమోదైతడు, బోర్డే పనికి పంపుతది, జీతం బోర్డు ద్వారా వస్తది. అక్కడ కూడా ఏజెన్సీలు మినహాయింపులు తెచ్చుకున్నయి, గొడవలు నడిచినయి. అయినా నడుమ దళారి లేకుండ కావలి నడుస్తదని చూపెట్టిన్రు. మన రెండు రాష్ట్రాల్లో ఆ మాటెత్తే ఎమ్మెల్యే ఒక్కరు నాకు దొరకలే.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చిన్రు. ఇరవైమంది కాంట్రాక్టు కూలీలుంటే వర్తించే నిబంధనలు ఇప్పుడు యాభైమందికి మారినయి. చిన్న ఏజెన్సీలన్నీ ఆ సందులోంచి బయటపడ్డట్టే. అయితే ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇయ్యాలని కూడా అందులోనే ఉంది. ఇరవై ఏడేండ్లల్ల నాకు ఒక్క నియామక పత్రం లేదు. డిసెంబర్‌లో ఏజెన్సీ ఆఫీసుకు పోయి అడిగిన. "ఇప్పుడెందుకన్నా, ఇంకెన్నేండ్లు చేస్తవ్?" అన్నడు అక్కడున్న పిల్లగాడు. చెయ్యనీకి చట్టం 65 దాకా ఒప్పుకుంటదని చెప్పిన. నవ్వి, సార్ వచ్చినంక చెప్తనన్నడు. సార్ ఇంకా రాలే.

పోయిన ఆదివారం డ్యూటీ మారే నడుమ మా గదిలో తొమ్మిదిమందిమి కూచున్నం. ఇద్దరు ఒడియా, ఒకరు అస్సాం, ఆరుగురం మన దిక్కోళ్ళం. నియామక పత్రం అందరం ఒక్కరోజే, రాతపూర్వకంగ అడగాలె అనుకున్నం. ఎవరు ఏ గేటుకాడ ఎన్ని గంటలు చేసిన్రో రోజూ రాసే రిజిస్టరు ఒకటి కొన్నం, 60 రూపాయలు. పేర్లు పూర్తిగ రాసుకున్నం. రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలనే దానిమీద చాలాసేపు మాట నడిచింది. ఇప్పుడది ఒడిశా తమ్ముడి పెట్టెలో ఉంది. మా గదిలో తాళమున్న పెట్టె వాడిదొక్కటే.